పదకొండు పేర్ల తేడా

"ఇయ్యాల నిన్ను అటు నుంచి అటే పోలీస్ స్టేషన్‌కి తీస్కపోతరేమోనే జెరూషా. స్వెట్టర్ పెట్టుకో. ఆడ గచ్చు మీద కూసోబెడ్తరంట."

అప్పటికి మేమింకా చిలకలగూడలో మా ఇంటి గడప కూడా దాటలేదు. ఏమీ జరగలేదు, ఎవరూ రాలేదు. నా బిడ్డ చెప్పు పట్టీ బిగించుకుంటూ తలెత్తి చూసింది.

"మమ్మీ, ఏప్రిల్ నెల. బయట మంటలు లేస్తున్నయ్."

"లోపల వేరేగుంటదంట."

"నువ్వెప్పుడు పోయినవ్ లోపలికి?"

నేను పోలేదు. కానీ భయపడడానికి పోయి చూసి రావాల్సిన అవసరం నాకు ఎప్పుడూ పడలేదు.

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తులేని వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. జెరూషా రెజిమెంటల్ బజార్‌లో రక్తదాతల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. సంఘం దగ్గర రెండు పట్టికలున్నాయి. ఒకదానిలో దాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు. రెండోదానిలో క్యాంపుల్లో ఎవరు ఏ తేదీన రక్తమిచ్చారో ఆ చీటీలు. ఒకసారి ఇచ్చినవాళ్ళను మూడు నెలల దాకా మళ్ళీ పిలవకూడదు. అందుకని ఎవరైనా రక్తం కోసం వస్తే, ఈ రెండు పట్టికలనూ ఫోన్ నంబరు పట్టుకొని జత చేసి, ఇవ్వగలిగినవాళ్ళ పేర్లు తీయాలి. ఆ తీసే దాన్ని క్వెరీ అంటారట. ఆ క్వెరీకి నలభై నిమిషాలు పట్టేది. పోయిన నెల ఒక ముసలాయన ఆ నలభై నిమిషాలూ మెట్ల మీద కూర్చుని, ఫోనొస్తే లేచి, ఇంక లిస్టు అక్కర్లేదని చెప్పి వెళ్ళిపోయాడు. జెరూషా ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ క్వెరీని బాగు చేస్తానని మేనేజర్ ఓంప్రకాశ్ గారిని నాలుగుసార్లు అడిగింది. ప్రోగ్రాంలో తప్పేం లేదు, మిషనే పాతది, పెద్ద మిషను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాడాయన. నా బిడ్డ రెండు పట్టికలనూ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఇంటికి తెచ్చింది. ఆయనకు తెలిసింది. సంఘం సమాచారం దొంగిలించినందుకు పోలీసులకు ఫిర్యాదు ఎందుకు చేయకూడదో మంగళవారం పది గంటలకు ప్రెసిడెంటు ముందు చెప్పుకోమని కాగితం వచ్చింది.

ఇవాళే ఆ మంగళవారం.

నేను కార్ఖానా ఏరియాలో డ్రైక్లీనింగ్ దుకాణంలో కౌంటర్ మీద పనిచేస్తాను. సెలవు పెట్టాను. సంచిలో పులిహోర డబ్బా, తువ్వాలు, పళ్ళ బ్రష్షు, చిన్న కొత్త నిబంధన పుస్తకం పెట్టుకున్నాను. ఆటోలో ఆ సంచి తెరిచి చూసి నా బిడ్డ నవ్వింది.

"బ్రష్ ఎందుకు మమ్మీ?"

"ఉంచుకో. వాళ్ళు ఇయ్యరు."

"నేనేం దొంగతనం చెయ్యలే. చేసినట్టు మొహం పెట్టకు నువ్వు. నీ మొహం చూసే లోపలేస్తరు."

మోండా మార్కెట్ దగ్గర ఆటో ఆగినంతసేపూ ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఉద్యోగం పోతే పోనీ, కేసు కాకుండా చూడు. కేసు అయితే అవనీ, పేపర్లో ఫోటో రాకుండా చూడు. ఫోటో వచ్చినా మా చర్చివాళ్ళు ఆ రోజు పేపరు చూడకుండా చూడు. ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ పోయాను.

సంఘం ఆఫీసు పై అంతస్తులో, కింద స్టవ్వులు రిపేరు చేసే దుకాణం. మెట్లెక్కేసరికి వరండాలో బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆసుపత్రి కాగితం, మడిచి మడిచి అంచులు మెత్తబడి ఉన్నాయి. పేరు ఫరూఖ్. ఆయన భార్య జన్నత్‌కి సాయంత్రం నాలుగింటికి గర్భసంచి ఆపరేషన్. ఓ నెగెటివ్ రక్తం రెండు సీసాలు కావాలి. పరీక్షలకే మూడు గంటలు పడుతుందట, అంటే పన్నెండు లోపల ఇచ్చేవాళ్ళు ఆసుపత్రిలో ఉండాలి.

"మేడమ్, లిస్ట్ షురూ అయిందా?" అని జెరూషాను అడిగాడు.

"అయితది భాయ్. జెర కూసోండి," అంది నా బిడ్డ. లోపలికి పోతే తన ఉద్యోగమే ఉంటుందో లేదో తెలియని పిల్ల.

లోపల బల్ల అవతల ప్రెసిడెంటు ప్రిసిల్లా మేడమ్. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రుల్లో నర్సుల మీద అధికారం చేసి రిటైరైన మనిషి. కాకినాడ వైపు మాట. పక్కన ఓంప్రకాశ్. ఆయన చెడ్డవాడని నేను చెప్పను, క్యాంపు రోజున తానే కుర్చీలు మోస్తాడు. కానీ తను దగ్గరుండి చేయించిన ప్రోగ్రాంని ఎవరైనా వేలెత్తి చూపిస్తే మాత్రం తన పిల్లను అన్నట్టు లేచి వస్తాడు. మూలన చిన్న బల్ల దగ్గర అబ్బాస్ భాయ్ రిజిస్టరు ముందేసుకుని తల వంచుకొని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళుగా సంఘం రిజిస్టర్లూ క్యాంపు చీటీలూ రాసే చెయ్యి ఆయనదే.

"ఈమె ఎవరు?" అన్నాడు ఓంప్రకాశ్ నన్ను చూసి.

"మా మమ్మీ సార్."

"ఇది పేరెంట్స్ మీటింగ్ గాదమ్మా."

"ఎరికే సార్. పేరెంట్స్ మీటింగైతే నాకు కాళ్ళు ఇట్ల వణకకపోవు," అన్నాను.

ప్రిసిల్లా మేడమ్ కుర్చీ చూపించింది. "కూర్చోండి మార్తమ్మా. జెరూషా, నువ్వు చెప్పు. పట్టికలు ఇంటికి తీసుకెళ్ళావా లేదా?"

అబద్ధం చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పకపోతే ఏమవుతుందోనని అంతకంటే భయపడ్డాను.

"తీస్కపోయిన మేడమ్. అడగకుంట తీస్కపోవుడు తప్పే. దానికి మీరేం శిక్ష ఏస్తరో ఏయండి. కాని బాగు చేసినందుకు మాత్రం మాఫీ అడగ."

నేను బల్ల కింద నుంచి దాని చెయ్యి గిచ్చాను. అది చెయ్యి తీసేసుకుంది.

"చూసిన్రా?" అన్నాడు ఓంప్రకాశ్. "అరవై వేల మంది ఫోన్ నంబర్లు మేడమ్. చిలకలగూడల ఒక ఇంట్లో తిరుగుతున్నయ్. రేపు ఎవడన్న వాడుకుంటే పేపర్ల పడేది మన సంఘం పేరు. ఈమె పేరు గాదు."

"ఆయన చెప్పేది నిజమేనమ్మా," అంది మేడమ్. "అది చిన్న తప్పు కాదు."

"ఎరికే మేడమ్. కాని బయట ఆయన కూసోనున్నడు. పన్నెండింటికి మనుషులు కావాలె. నా తప్పు సాయంత్రం సుత ఇక్కడనే ఉంటది."

మేడమ్ బయటికి చూసింది. ఫరూఖ్ లేచి గుమ్మం దగ్గరికొచ్చి మళ్ళీ బెంచీ దగ్గరికి పోతున్నాడు.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నలభై నిమిషాలు ఎందుకు పడుతోంది?"

"ఓ నెగెటివ్ దాతలు రెండు వేల పైన ఉన్నరు మేడమ్. క్యాంపు చీటీలు నాలుగు లక్షలు. సార్ ప్రోగ్రాం ఒక్క దాతను పట్టుకొని నాలుగు లక్షల చీటీలు మొదటి నుంచి ఆఖరి దాంక తిరగేస్తది. ఆ ఒక్కరు అయినంక రెండో దాత. మల్ల మొదటి నుంచి."

"కంప్యూటర్ అట్లనే చూస్తది," అన్నాడు ఓంప్రకాశ్. "అందుకే పెద్ద మిషన్ కావాలని నేను సంవత్సరం నుంచి మొత్తుకుంటున్న."

నా నోరు ఊరుకోలేదు. భయమేస్తే నాకు మాటలు ఎక్కువవుతాయి. "మా దుకాణంల పన్నెండు వందల బట్టలు వేలాడుతుంటయ్ సార్. చీటీ తెచ్చినోనికల్ల పన్నెండు వందలూ తిప్పి చూస్తే మా సేట్ నన్ను ఆ పూటనే పంపిచ్చేస్తుండె. నంబర్ వరసన కొక్కేలకి తగిలిస్తం. చీటీ చూస్తం, సీదా పోయి తీస్తం."

ఓంప్రకాశ్ నవ్వాడు. "డ్రైక్లీనింగూ డేటాబేసూ ఒకటేనా అమ్మా?"

"ఇక్కడ సుత వరస కట్టిన్రు మమ్మీ," అంది జెరూషా. దాని గొంతులో నామీద విసుగు లేదు. "ఇండెక్స్ అంటరు దాన్ని. ఉన్నది. కాని పనికి రాకుంట పోయింది. మీ చీటీల మీద కొన్నిటికి నంబర్ ముందు ఊకనే ఒక సున్నా రాసిన్రనుకో."

"ఎవరు రాస్తరు?"

మూల నుంచి అబ్బాస్ భాయ్ తలెత్తకుండానే చెయ్యెత్తాడు. "నేనే మార్త బెహన్. సంఘంలకు రాక ముందు స్టేషన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్ నడిపిన. సెల్ ఫోన్‌కి చెయ్యాలంటె ముందు సున్నా కొట్టాలె ఆ దినాలల్ల. చెయ్యికి అలవాటైపోయింది. ఇప్పటికీ కలం పెడితె సున్నానే పడ్తది."

"తప్పు నీది గాదు చాచా," అంది జెరూషా. "మమ్మీ, సార్ ప్రోగ్రాం ఏం చేస్తదంటే, పోల్చే ముందు ప్రతి చీటీ మీద సున్నా తుడుస్తది. నాలుగు లక్షలకూ తుడిచి చూస్తది. ఇంకో దాత వస్తే మల్ల మొదటి నుంచి తుడుస్తది. తుడిచింది యాడా దాచిపెట్టదు. తుడిచినంకనే అసలు నంబర్ తెలుస్తదంటే, నువ్వు కట్టిన కొక్కేల వరస దేనికి పనికొస్తది?"

"దేనికీ రాదు," అన్నాను. అంత సేపట్లో మొదటిసారి ఆ గదిలో ఏం జరుగుతోందో నాకు అర్థమైంది.

"నేను ఒక్కసారి తుడిచిన. పక్కన కొత్త గడి పెట్టి, అందుల ఇంకేం లేకుంట ఉత్త పది అంకెలే రాపిచ్చిన, రెండు పట్టికలల్ల సుత. ఆ గడికి వరస కట్టిన. ఇగ దాత నంబర్ పట్టుకొని సీదా పోయి తీస్తది. రెండు సెకన్లు."

"రెండు సెకన్లల వచ్చేది సరైన లిస్ట్ అని గ్యారంటీ ఏంది?" అన్నాడు ఓంప్రకాశ్. గొంతు పెంచాడు. "ఒక్క తప్పు పేరొస్తే, పోయిన వారమే ఇచ్చినోన్ని మల్ల పిలిస్తే, ఆ మనిషి పడిపోతే, ఎవరు జవాబు చెప్తరు? నువ్వా? మీ అమ్మనా?"

"రెండు నడపండి సార్," అంది నా బిడ్డ లేచి నిలబడి. "మీది ఆ మిషన్ మీద. నాది ఈ మిషన్ మీద. పొద్దున తీసిన నకలు మీదనే, అందరి ముంగట. అసలు పట్టికను నేను ముట్టుకోను. రెండు లిస్టులు పక్కన పెట్టి చూద్దాం. నాది తప్పైతే పోలీసులకు నేనే ఫోన్ చేస్త."

"అయ్యో ఏం మాటలే అవి," అని నేను పైకే అనేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

ప్రిసిల్లా మేడమ్ గడియారం చూసి తలూపింది.

పది ఇరవైకి ఓంప్రకాశ్ తన మిషన్ మీద మీట నొక్కాడు. జెరూషా ముందుగా కొత్త గడులు తయారు చేయాలి, దానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో నేను ఆరు రకాలుగా చచ్చిపోయాను. కరెంటు పోయినట్టు, మిషను కాలిపోయినట్టు, అందులోంచి అరవై వేల మంది పేర్లూ పొగై పోయినట్టు కనబడింది. తరవాత తను క్వెరీ నడిపింది. నేను కళ్ళు మూసుకొని 'తండ్రీ' అనేలోపే, "వచ్చింది," అన్నది.

దగ్గర్లో ఉండేవాళ్ళవి రెండు వందల మూడు పేర్లు. ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. అవతలి మిషన్ మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"ఫోన్లు షురూ చేస్త మేడమ్," అంది.

"ఆగు," అన్నాడు ఓంప్రకాశ్. "నా లిస్ట్ రానీ. పోల్చినంకనే. అప్పటి దాంక నువ్వు సంఘం ఫోన్ ముట్టుకోవద్దు. నీ మీద ఎంక్వైరీ నడుస్తున్నది. ఇది ఆర్డర్."

మేడమ్ ప్రింటు వైపు, తిరిగే చక్రం వైపు మార్చి మార్చి చూసింది. ఆమెకూ భయముంది, నాకు తెలుస్తూనే ఉంది. తప్పు మనిషిని పిలిస్తే ప్రమాదం. పిలవకపోయినా ప్రమాదం. జెరూషా ఆ కాగితం పట్టుకొని నిలబడింది. చిన్నప్పుడు బళ్ళో చెయ్యని తప్పుకి బెంచీ ఎక్కించిన రోజు కూడా ఇలాగే నిలబడింది.

నేను జీవితంలో ఎవరి ఆర్డరూ దాటలేదు. సేట్ నిలబడమంటే నిలబడ్డాను, పాస్టరు గారు కూర్చోమంటే కూర్చున్నాను. ఆ రోజు లేచి నా బిడ్డ చేతిలోంచి కాగితం తీసుకున్నాను.

"సార్, నాకు ఎవ్వరు ఆర్డర్ ఇయ్యలే గద?"

"ఏందమ్మా?"

"నేను మీ స్టాఫ్ గాదు. నా ఫోన్ సుత సంఘం ఫోన్ గాదు." సంచిలోంచి నా చిన్న ఫోను తీశాను. "ఫోన్ చేసి అడుగుత. ఎప్పుడిచ్చిన్రో వాళ్ళనే అడుగుత. ఆసుపత్రిల సుత అడుగుతరు. అడిగితే మీకేం పోతది?"

"బయటి మనిషికి నంబర్లు ఇచ్చుడు మల్లొక తప్పు! రాస్త నేను, ఇది సుత రాస్త ఫిర్యాదుల."

"రాయిర్రి సార్. మార్త, భర్త లేడు, ఏడో తరగతి, చిలకలగూడ. అచ్చరాలు తప్పు పోకుంట రాయిర్రి."

ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మాటలు నాకు తెలియదు. కిటికీ పట్టుకొని నిలబడ్డాను. మేడమ్ మొహం పక్కకు తిప్పుకుంది. నవ్విందో ఏమో చూడలేదు.

మొదటి నంబరు ఎంగేజ్. రెండో ఆయన విశాఖపట్నంలో ఉన్నాడు, ఎల్లుండి వస్తానన్నాడు. మూడో ఆవిడ నేను ఏదో అమ్ముతున్నాననుకొని ఫోను పెట్టేసింది. నాలుగోది మా కార్ఖానా ఏరియా నంబరు. ముదస్సిర్ అని, పరుపులు కుట్టే దుకాణమట. వెనక దూది ఏకే మిషను చప్పుడు.

"ఎవరమ్మా మీరు?"

"నేను ఎవరినీ కాదు బాబు. రక్తం గురించి. ఓ నెగెటివ్. నువ్వు ఆఖరిసారి ఎప్పుడిచ్చినవ్?"

"బక్రీద్‌కి ముందల. పది నెలలైతుంది. ఎవరికి?"

"జన్నత్ అని, నాలుగింటికి ఆపరేషన్."

"మషీన్ బంద్ కర్!" అని లోపలికి అరిచాడు. "ఏ ఆసుపత్రి చెప్పమ్మా, వస్తున్న."

ఫోను పెట్టి జెరూషా వైపు తిరిగితే దానికి కళ్ళ నిండా నీళ్ళున్నాయి, నవ్వుతోంది. తొమ్మిదో ఫోనుకి పేతురు అని ఒక మాస్టారు దొరికాడు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని, ఆ కట్ట పక్కన పెట్టి వస్తానని అన్నాడు. గుమ్మం దగ్గర ఫరూఖ్ రెండు చేతులూ జోడించాడు. పదీ యాభై అయింది. అవతల చక్రం తిరుగుతూనే ఉంది.

పదకొండు దాటాక ఓంప్రకాశ్ లిస్టు వచ్చింది. ఆయన అడుగున ఉన్న లెక్క చూసి, కుర్చీలోంచి లేచాడు.

"రెండు వందల పద్నాలుగు! చూడండి మేడమ్, నాది రెండు వందల పద్నాలుగు, ఆమెది రెండు వందల మూడు. పదకొండు మంది దాతలు మాయం. ఈ పిల్ల పట్టికను పాడు చేసింది. ఆ లిస్ట్ నమ్మొద్దు. పొయ్యే ఆ ఇద్దరిని వాపస్ పిలవండి."

అనుకున్నంతా అయిందనుకున్నాను. పదకొండు మంది. వీళ్ళను నా బిడ్డ ఎక్కడ పోగొట్టింది? గుమ్మం దగ్గర ఫరూఖ్ మొహం తెల్లబడింది.

ప్రిసిల్లా మేడమ్ ఫోను చేతిలోకి తీసుకుంది. "జెరూషా. జవాబు చెప్పు. లేకపోతే నేను వాళ్ళను ఆపేస్తాను."

"ఐదు నిమిషాలియ్యండి."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గీతలు పెట్టుకుంటూ పోయింది. ఆ పదకొండు పేర్లనీ విడిగా రాసింది. మొదటి పేరు చూసి, "మేడమ్, ఈ నంబర్‌కి మీరే చెయ్యండి. స్పీకర్ పెట్టి. మీరే అడగండి," అంది.

శాంతికుమార్, బొల్లారం. మూడు రింగులకే తీశాడు.

"నమస్కారమండీ, రక్తదాతల సంఘం నుంచి. మీరు రక్తం ఇవ్వగలరా అని..."

"మల్లనా!" అని ఫోనులోంచి పెద్ద గొంతు. "మేడమ్, నా ఒంట్ల ఏమన్న నల్లా పెట్టిచ్చిన్రా మీరు? మొన్న ఇరవై తారీఖున క్యాంపుల ఇచ్చిన! నెల కాలే! మూడుసార్లు ఫోన్ చేసిన్రు మీవాళ్ళు. మా ఇంటామె నన్ను పాలకూర తిని తిని చచ్చేట్టు చేస్తున్నది!"

గదిలో ఎవరూ నవ్వలేదు. మేడమ్ క్షమించమని చెప్పి ఫోను పెట్టింది.

"మాయం కాలే సార్," అంది జెరూషా నెమ్మదిగా. "ఈ పదకొండు మంది ఈ మధ్యనే ఇచ్చిన్రు. వీళ్ళను పిలవొద్దు. నా లిస్ట్ పిలవలే. మీ లిస్ట్ పిలుస్తున్నది."

"ఎట్లయితది? నా ప్రోగ్రాం సున్నా తుడుస్తది గద!"

"సున్నా తుడుస్తది. నడుమ ఖాళీ తుడవదు." స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. ఐదంకెలు, ఒక చిన్న ఖాళీ, మళ్ళీ ఐదంకెలు. "అబ్బాస్ చాచా చదువుకోను సులువుగ ఉంటదని అట్ల ఇడిచి రాస్తడు. కంప్యూటర్ల కొట్టెటోళ్ళు కొందరు ఖాళీ మూసిన్రు, కొందరు ఉన్నదున్నట్టు కొట్టిన్రు. ఉన్నదున్నట్టు కొట్టిన చీటీలు మీ ప్రోగ్రాంకి జత కలవయ్. చీటీ దొరకలేదంటే ఆ మనిషి ఎప్పుడూ ఇయ్యనట్టు లెక్క."

ప్రిసిల్లా మేడమ్ చేతిలోని ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "ఫరూఖ్ గారూ, మీరు ఆసుపత్రికి వెళ్ళండి. ఇద్దరూ వస్తున్నారు. ఎవరూ ఆపరు."

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాక కుర్చీలో కూలబడ్డాను. అయిపోయింది, నా బిడ్డ గెలిచింది, ఇంక ఇంటికి పోవచ్చు అనుకున్నాను. ఒక్క నిమిషమే అనుకున్నాను.

"అంటే తప్పు ఈయనది!" అన్నాడు ఓంప్రకాశ్ మూల వైపు తిరిగి. "సున్నా ఈయనదే, ఖాళీ ఈయనదే. ఇరవై రెండేండ్ల నుంచి ఇష్టమొచ్చినట్టు రాస్తున్నడు. దానికి నా ప్రోగ్రాంని అంటరా?"

"మనుషులు చదవనీకి రాసిండు సార్ ఆయన," అంది జెరూషా. "ఆయన రాత మీద ఇరవై రెండేండ్లు ఒక్క ఫోన్ సుత తప్పు పోలే. మిషన్‌కి ఎట్ల కావాలనో ఆయనకి చెప్పెడి పని మనది."

ప్రిసిల్లా మేడమ్ ఈ గొడవ వినడం లేదు. పదకొండు పేర్ల కాగితం మీద, ఈ మధ్యవే రెండు చీటీలున్నట్టు జెరూషా గుర్తు పెట్టిన పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"షిరీన్," అని చదివింది. "ఈ అమ్మాయి చీటీలు చూపించు జెరూషా."

జెరూషా మీట నొక్కింది. రెండు చీటీలు వచ్చాయి. రెండిటిలోనూ నంబరు నడుమ ఖాళీ ఉంది. రెండు తేదీలకూ నడుమ ఐదు వారాలు.

"ఐదు వారాల్లో రెండుసార్లు తీశారా?" అంది మేడమ్. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి గొంతు అది. ఆమె తానే ఆ నంబరుకి చేసింది. రింగు లేదు. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెప్పింది.

"రెండో చీటీ కూడా మీ రాతేగా అబ్బాస్ గారూ? ఆ రోజు క్యాంపులో బల్ల దగ్గర కూర్చుంది మీరేగా? ఈ అమ్మాయి మీకు గుర్తుందా?"

అబ్బాస్ భాయ్ కలం మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఏదో పాత సంగతి మేడమ్," అన్నాడు ఓంప్రకాశ్. "రెండు నెలలైంది. ఆయనకేం యాదుంటది?"

నేను ఆ మాట పట్టుకున్నాను. తేదీ స్క్రీన్ మీద నుంచి ఎవరూ చదవలేదు. ఓంప్రకాశ్ కూర్చున్న చోటుకి స్క్రీన్ కనబడదు. రెండు నెలలని ఆయనకెలా తెలుసు? జెరూషా కూడా నా వైపే చూసింది. దొంగతనం కేసుకి భయపడి బ్రష్షు తెచ్చుకున్నాను, ఇక్కడ అంతకంటే పెద్దదేదో ఉంది.

"మిమ్మల్ని అడిగాను అబ్బాస్ గారూ," అంది మేడమ్. "ఇంత దగ్గరి తేదీల్లో పిలుస్తున్నామని మీరు ఎవరికైనా చెప్పారా?"

కింద దుకాణంలో ఎవరో స్టవ్వుకి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. నాకు అబ్బాస్ భాయ్ సంగతి తెలుసు. ఈ ఉద్యోగం తప్ప ఇంకొకటి చెయ్యడానికి ఇప్పుడు వయసు లేదు, దీన్ని ఇప్పించింది ఓంప్రకాశే. అందరం ఆయన చేతుల వైపే చూస్తున్నాం. వదిలెయ్యండి మేడమ్ అని నా నోటి దాకా వచ్చింది. ఎప్పుడూ అనే మాటే అది. మింగేశాను.

"భాయ్," అన్నాను. "నాకు సుత భయమే. భయంతోనే పొద్దుగాల నుంచి నిలబడ్డ. నువ్వు సుత లేచి నిలబడు."

ఆయన లేవలేదు. రిజిస్టరు మూశాడు. దాని అట్ట మీద రెండు అరచేతులూ పెట్టి, ఓంప్రకాశ్ వైపు కాకుండా, జెరూషా వైపు కాకుండా, మేడమ్ మొహంలోకి చూశాడు.

"చెప్పిన మేడమ్," అన్నాడు. "బిడ్డ చెయ్యి చాపక ముందే చెప్పిన, మొన్ననే ఇచ్చింది, పంపిచ్చేయండి అని. లిస్టుల పేరుంది గద అని ఓంప్రకాశ్ సాబ్ నా చేతికి చీటీ ఇచ్చి రాయమన్నడు. రాసిన. ఆ బిడ్డ మెట్ల మీద పడినంక ఎత్తి ఆటోల ఏసింది సుత నేనే. ఆమె యాడుందో నాకు తెలుసు."